ఆడిటర్ ఆఫీసులో ఫోను గోల: ఫోను తీసేయకుండా తగ్గించిన కేసు

ముందే ఒక మాట. ఇది ఒక్క ఆఫీసు చరిత్ర కాదు. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట వీధుల్లో కనిపించే చిన్న ట్యాక్స్ ఆఫీసుల తీరును కలిపి, ఒక నమూనా ఆఫీసుగా కట్టి రాసిన కేసు. అంకెలు ఆ నమూనావే, అంచనా కోసం ఇచ్చినవి.

ఆఫీసు, ఫిర్యాదు

వ్యాపారుల తరఫున జీఎస్టీ రిటర్నులు వేసే ఒక జీఎస్టీ ప్రాక్టీషనరు. చార్టర్డ్ అకౌంటెంట్ కాకపోయినా పట్నంబజారులో అందరూ ఆయన్ని ఆడిటర్ గారనే పిలుస్తారు. ఒక సీనియర్ అకౌంటెంటు, బీకాం అయిపోయి కొత్తగా చేరిన ఒక అమ్మాయి. అరవై మంది దాకా క్లయింట్లు: హార్డ్‌వేర్, శానిటరీ, మందుల షాపులు, నలుగురైదుగురు మిర్చి వ్యాపారులు. నెలలో మొదటి పది రోజులూ ఎంట్రీల హడావుడి. 11వ తేదీకల్లా జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్ను), 20కల్లా జీఎస్టీఆర్-3బీ (పన్ను లెక్కతేల్చి కట్టే రిటర్ను). మూడు నెలలకోసారి వేసేవాళ్ళవి 13న ఒకటి, 22న ఒకటి.

ఆడిటర్ గారు చెప్పిన సమస్య ఒకటే వాక్యం: "పొద్దున పదింటికి కూర్చుంటాను, మధ్యాహ్నానికి రెండు ఫైళ్ళు కూడా కదలవు." కారణం ఫోనేనని ఆయనకి తెలుసు. అంతకుముందు ఒకసారి ఫోను సొరుగులో పెట్టి తాళం వేశారు కూడా. గంటలోపే తీయాల్సి వచ్చింది, ఎందుకంటే రిటర్న్ వేసేటప్పుడు వచ్చే ఓటీపీ ఆ ఫోనుకే వస్తుంది, బిల్లుల ఫోటోలు ఆ వాట్సాప్‌కే వస్తాయి.

ఫోను పక్కన పెట్టమనే సలహా ఇలాంటిచోట చెల్లకపోవడానికి కారణం అదే. ఇక్కడ ఫోను పనికి అడ్డం కాదు, పని లోపలికి వచ్చే గుమ్మం. ఆ ఒక్క గుమ్మంలోంచే బిల్లులూ, ఓటీపీలూ, "నా రిటర్ను అయిందా" అనే ప్రశ్నలూ, అపార్ట్‌మెంటు గ్రూపులో నీళ్ళ ట్యాంకరు గొడవా అన్నీ ఒకేసారి వస్తున్నాయి. గుమ్మం మూసే పని లేదు, వాటిని విడదీయాలి.

మూడు రోజుల కొలత

ఏదైనా మార్చే ముందు, సలహాకి వెళ్ళిన మేం 7, 8, 9 తేదీల్లో లెక్క పెట్టించాం. యాప్‌తో కాదు, బల్ల మీద ఒక తెల్లకాగితం, ఒక పెన్సిలు. చేయి ఫోను మీదకో, వాట్సాప్ వెబ్ ట్యాబు మీదకో వెళ్ళిన ప్రతిసారీ ఒక అక్షరం. మోగితే "మో". ఓటీపీ పనైతే "ఓ". మనిషి వచ్చి అడిగితే "మ". ఏదీ మోగకుండా చేయి తానే వెళితే "చే".

ఆండ్రాయిడ్ ఫోనులోని డిజిటల్ వెల్‌బీయింగ్‌లో అన్‌లాకులు, నోటిఫికేషన్ల లెక్క దొరుకుతుంది కదా, ఈ కాగితం ఎందుకని ఆడిటర్ గారు అడిగారు. ఫోను ఎన్నిసార్లు తెరిచారో అది చెప్తుంది. ఎందుకు తెరిచారో చెప్పదు, కంప్యూటర్లో తెరిచి ఉన్న వాట్సాప్ సంగతి దానికి అసలే తెలీదు.

రోజుకి తొంభై పైచిలుకు గుర్తులు పడ్డాయి. వాటిలో "ఓ" పది దాటలేదు. "మో" ముప్ఫై. అన్నిటికన్నా ఎక్కువ "చే". దానికి ఒక కారణం బ్రౌజరులోనే దొరికింది. వాట్సాప్ వెబ్ తెరిచి పక్కన పెడితే ట్యాబు పేరు పక్కన (14) అని అంకె కనిపిస్తుంది. జీఎస్టీ పోర్టల్ పేజీ లోడ్ అవుతూ చక్రం తిరిగే ఆ నాలుగు సెకన్లలో కన్ను ఆ అంకె మీద పడుతుంది. అది (15) అయితే చేయి వెళ్ళిపోతుంది. ఫోను మూగబోయినా ట్యాబు మోగుతూనే ఉంది.

"మో"లను మళ్ళీ విడదీస్తే సగానికి పైగా ఒకటే ప్రశ్న: "సార్, నాది వేసేశారా?"

నష్టం ఎక్కడ జరుగుతోంది

ఆలస్యం ఒక్కటే నష్టమనుకుంటే సమస్య సగమే అర్థమవుతుంది. గ్లోరియా మార్క్ అనే పరిశోధకురాలి బృందం 2008లో ప్రచురించిన ప్రయోగంలో, అంతరాయాలు కలిగినవాళ్ళు పనిని ఇంకా త్వరగానే ముగించారు. కాకపోతే ఒత్తిడి, చిరాకు ఎక్కువయ్యాయి. "నేనేం లేటు చేయట్లేదండీ" అని ఇలాంటి ఆఫీసుల్లో గట్టిగా చెప్పేది అందుకే. ఆ ప్రయోగంలో పని ఈమెయిళ్ళకి జవాబులు రాయడం. అంకెల ఎంట్రీలో వేగం పెంచితే ఏమవుతుందో ఈ బిల్లులో చూడండి.

ఒక శానిటరీ హోల్‌సేలర్ సరుకు అమ్మిన పార్టీకి విజయవాడలో ఒక రిజిస్ట్రేషను, హైదరాబాదులో ఒకటి. ఒకే పాన్, ఒకే పేరు. జీఎస్టీ నంబరు మొదటి రెండంకెలే తేడా: ఆంధ్రకి 37, తెలంగాణకి 36. ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్లో రెండు లెడ్జర్లూ (ఖాతాలూ) ఒకదాని కింద ఒకటి ఉంటాయి. సీనియర్ అకౌంటెంటు పేరులో మూడక్షరాలు కొట్టారు, జాబితా తెరుచుకుంది, అప్పుడే ఫోను. మాట్లాడి వచ్చి ఎంటర్ నొక్కారు. కర్సరు మొదటి పేరు మీదే ఉంది. హైదరాబాదు బిల్లు విజయవాడ ఖాతాలో పడింది. రాష్ట్రం దాటిన అమ్మకానికి పడాల్సిన ఐజీఎస్టీ పోయి, రాష్ట్రం లోపలి అమ్మకానికి పడే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వచ్చాయి. మొత్తం పన్ను అంతే కాబట్టి బిల్లు మొత్తం సరిపోయింది. రెండూ సరైన నంబర్లే కాబట్టి పోర్టల్ కూడా అభ్యంతరం చెప్పలేదు.

తప్పు బయటపడేది 14న, కొన్నవాళ్ళు తమ జీఎస్టీఆర్-2బీ (కొన్న సరుకు మీద తమకి వచ్చే పన్ను క్రెడిట్ చూపే పట్టిక) తీసి చూసుకున్నప్పుడు. వాళ్ళకి క్రెడిట్ కనిపించదు, పేమెంటు ఆపుతారు. 2024 ఆగస్టు నుంచి జీఎస్టీఆర్-1ఏ వచ్చింది కదా, 3బీ వేసేలోపు అందులో దిద్దుకోవచ్చు అనుకుంటారు. కొన్నవాళ్ళ జీఎస్టీ నంబరు మార్చడం అందులో కుదరదు. వచ్చే నెల జీఎస్టీఆర్-1లో సవరణగా వేయాల్సిందే. రెండు నిమిషాల ఫోను కాల్‌కి నెల రోజుల మాట పడింది.

రెండో రకం తప్పు డబుల్ ఎంట్రీ. బిల్లు సగంలో ఉండగా లేచి, తిరిగొచ్చి, కొట్టానో లేదో గుర్తు లేక మళ్ళీ కొట్టడం. మూడోది పోర్టల్ సొంత నిబంధన. పదిహేను నిమిషాలు కదలిక లేకపోతే లాగౌట్ చేస్తుంది. పదహారో నిమిషంలో తిరిగొస్తే యూజర్ ఐడీ, పాస్‌వర్డు, క్యాప్చా మొదటినుంచీ. సేవ్ చేయనిది పోయినట్టే.

మొదటి మార్పు: నంబర్లు

ఒకే నంబరు అన్నిటికీ వాడుతున్నారు. ఇరవై మంది చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషనులో కూడా ఆడిటర్ గారి నంబరే ఉంది. (ఇది మంచి పద్ధతి కాదు. కాలక్రమంలో వాళ్ళ సొంత నంబర్లకి మార్పించాలి, అది వేరే పని.)

ఇక్కడ దాదాపు అందరూ చేసే పొరపాటు, ఆఫీసు కోసం కొత్త సిమ్ కొని క్లయింట్లకి ఆ నంబరు ఇవ్వడం. క్లయింట్లు మారరు. విజిటింగ్ కార్డుల మీద, బోర్డు మీద, షాపు గోడ మీద పెన్నుతో రాసుకున్నది పాత నంబరే. అందుకే తిరగేశాం. పాత నంబరు ఆఫీసుకి వదిలేసి, కొత్త నంబరు ఇంటివాళ్ళకి, పిల్లల స్కూలుకి, పదిహేను మందికి మాత్రం ఇచ్చారు. పదిహేను మందికి మార్చడం ఒక సాయంత్రం పని. పాత నంబరుతో ఉన్న కుటుంబ, అపార్ట్‌మెంటు, బ్యాచ్‌మేట్స్ గ్రూపుల్లోంచి బయటికొచ్చి కొత్త నంబరుతో చేరారు.

పాత సిమ్ ఒక బటన్ ఫోనులోకి వెళ్ళింది. అప్పట్లో వాట్సాప్ నడవడానికి సిమ్ అదే ఫోనులో ఉండాలన్న నియమం లేదు (2025 నవంబరులో ప్రభుత్వం అలా ఉండాలని ఆదేశించింది). మళ్ళీ వెరిఫికేషన్ అడిగినప్పుడు మాత్రం కోడ్ బటన్ ఫోనుకి వచ్చేది. కాబట్టి ఆ నంబరు వాట్సాప్ బిజినెస్ ఆఫీసు ఫోనులోనే ఉండి, ఓటీపీ ఎసెమ్మెస్‌లూ కాల్సూ బటన్ ఫోనుకి వచ్చేవి.

రెండుచోట్ల ఎదురు తన్నింది. ఇంట్లో పడి ఉన్న పాత 2జీ ఫోనులో జియో సిమ్ పనిచేయలేదు. జియోకి 4జీ బటన్ ఫోనే కావాలి. రెండోది, చౌక ఫోన్లలో ఎసెమ్మెస్ పెట్టె చిన్నది. నిండిపోతే కొత్త ఓటీపీ లోపలికి రాదు, తెర మీద ఒక మూల చిన్న కవరు బొమ్మ మాత్రం వెలుగుతూ ఉంటుంది. రోజూ సాయంత్రం ఆఫీసు మూసే ముందు ఇన్‌బాక్స్ ఖాళీ చేయడం కొత్తమ్మాయి పనుల్లో చేర్చాం.

ఓటీపీకి ఒక వేళ

క్లయింటు ఫోనుకి వచ్చే ఓటీపీలు ఇంకో తలనొప్పి. జీఎస్టీ పోర్టల్ పంపే ఓటీపీ పది నిమిషాలే చెల్లుతుంది. రిటర్న్ సిద్ధమైన వెంటనే ఒక్కొక్కరికీ ఫోను చేస్తుంటే, ఆయన స్నానంలో ఉంటారు, లేదా కొడుకు దగ్గర ఫోను ఉంటుంది, ఈలోగా టైము అయిపోతుంది.

ఇప్పుడు రిటర్నులు పొద్దుటంతా సిద్ధం చేసి ఆపుతారు. వేసేది సాయంత్రం 4 నుంచి 5:30 లోపే. పొద్దున పదకొండింటికి ఆ రోజు ఓటీపీ కావాల్సిన ఏడెనిమిది మందికి ఒక మెసేజి: "ఈ రోజు సాయంత్రం 4–5 మధ్య మా ఆఫీసు నుంచి ఫోను చేస్తాం. అప్పుడు మీకు జీఎస్టీ ఓటీపీ వస్తుంది. మేం ఫోను చేయకుండా ఓటీపీ ఎవరడిగినా చెప్పకండి." చివరి వాక్యం మోసాల కోసం పెట్టింది, కానీ దానివల్ల ఇంకో లాభం వచ్చింది: ఎప్పుడో వచ్చిన ఓటీపీలు వాట్సాప్‌లో పడేసే అలవాటు తగ్గింది.

నాలుగు గంటలు ఎందుకంటే, పొద్దున వ్యాపారం, మధ్యాహ్నం భోజనం, కునుకు. నాలుక్కి షాపు మళ్ళీ తెరుస్తారు, గిరాకీ ఇంకా రాదు. ఈ వేళ మీ ఊరి వ్యాపారాన్ని బట్టి మారుతుంది. ఇంకో జాగ్రత్త: 11, 20 తేదీల సాయంత్రాలు పోర్టల్ నత్తనడక. ఆ రోజులకి ఏమీ మిగలకూడదు, మిగిలితే పొద్దున్నే వేయాలి.

పోర్టల్ ఓటీపీని రిజిస్టరైన ఈమెయిలుకి కూడా పంపుతుంది. ఈమెయిలు ఆఫీసుదైతే ఎవరికీ ఫోను చేయకుండానే పని అవుతుంది కదా అని ఆడిటర్ గారికి ఆశ పుట్టింది. క్లయింటుకి తెలియకుండా ఆయన రిటర్న్ సంతకం కాకూడదు. ఆ దారి వద్దన్నాం.

వాట్సాప్

బిజినెస్ యాప్‌లో నాలుగు లేబుళ్ళు: "బిల్లులు వచ్చాయి", "బిల్లు సరిగ్గా లేదు", "ప్రశ్న", "అయిపోయింది". చూసే వేళలు మూడు: 9:30, 1:00, 5:30. ఆ మూడు వేళల్లో ఫోటోలు కంప్యూటర్లోకి దింపి, క్లయింటు కోడ్, నెల పేరుతో ఫోల్డర్లో వేసి, ట్యాబు మూసేయాలి. మినిమైజ్ చేయడం కాదు, మూసేయడం. వాట్సాప్ వెబ్ వేరే క్రోమ్ ప్రొఫైల్లో పెట్టించాం. ఫైలింగ్ ప్రొఫైల్లో జీఎస్టీ, ఆదాయపు పన్ను పోర్టళ్ళు తప్ప ఇంకేం ఉండవు, వార్తల సైట్లకి ఎప్పుడో "అలౌ" నొక్కి ఇచ్చిన నోటిఫికేషన్లు అన్నీ తీసేశాం.

మొదటి వారం ఇలా కాదు. మరీ ఉత్సాహంగా నోటిఫికేషన్లన్నీ పూర్తిగా ఆపేశాం. "చే" గుర్తులు పెరిగాయి! ఏం మిస్సవుతున్నానో అని ఆడిటర్ గారు ఇంకా ఎక్కువసార్లు తెరిచి చూశారు. ఇది ఊహించాల్సింది. 2019లో వెలువడిన ఒక అధ్యయనం భారతదేశంలోని స్మార్ట్‌ఫోను వాడకందార్ల మీదే జరిగింది. నోటిఫికేషన్లు రోజుకి మూడు విడతలుగా అందినవాళ్ళకి ఏకాగ్రత, మనశ్శాంతి మెరుగయ్యాయి, పూర్తిగా ఆపేసినవాళ్ళలో ఆందోళన పెరిగింది. మూడు వేళల పద్ధతి అక్కడినుంచి వచ్చిందే.

మనం చూడని వేళల్లో యాప్ తానే పంపే జవాబు (away message) రాయడంలో కూడా ఒక పాఠం ఉంది. మొదట పెట్టింది: "ప్రస్తుతం బిజీగా ఉన్నాం, తర్వాత మాట్లాడతాం." అది చదివి జనం వెంటనే ఫోను చేశారు. తర్వాత రాసింది: "బిల్లులు పంపండి, చేరతాయి. 9:30కి, 1కి, 5:30కి చూస్తాం. డిపార్ట్‌మెంటు నుంచి నోటీసు వస్తే మాత్రం ఆగకుండా ఫోను చేయండి." ఏది ఆగొచ్చో, ఏది ఆగకూడదో తెలిస్తే మనుషులు ఆగుతారు.

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది మాత్రం సెట్టింగు కాదు. "వేసేశారా?" కాల్స్‌కి కారణం ఆఫీసు మౌనమే. రిటర్న్ వేశాక పోర్టల్ ఎసెమ్మెస్ పంపుతుంది, దాన్ని ఎవరూ చూడరు. అందుకని క్విక్ రిప్లైలో ఒక వాక్యం పెట్టాం: "మీ జులై జీఎస్టీఆర్-1 ఈ రోజు వేశాం. ఏఆర్ఎన్ ఇదిగో." నెల పేరు మార్చి, ఏఆర్ఎన్ (రిటర్ను వేశాక వచ్చే రసీదు నంబరు) అతికించి, ఆ క్లయింటు ఫైలు మూసే ముందే పంపాలి. సాయంత్రం అందరికీ ఒకేసారి పంపుదామంటే మరుసటి రోజుకి వాయిదా పడుతుంది, కాల్స్ మళ్ళీ మొదలు. రెండో నెలకి ఆ ప్రశ్న మూడో వంతుకి పడిపోయింది.

బిల్లే గడియారం

ఇరవై ఐదు నిమిషాల టైమరు పద్ధతి ప్రయత్నించి వదిలేశాం. అది సరిగ్గా బిల్లు మధ్యలో మోగుతుంది. ఈ పనిలో కొలత నిమిషం కాదు, బిల్లు. ఇంకా పెద్ద కొలత ఒక క్లయింటు ఫైలు. నియమం ఇది: బల్ల మీద ఒకే క్లయింటు ఫైలు. ఎవరు పిలిచినా చేతిలో ఉన్న బిల్లు సేవ్ అయ్యాకే తల ఎత్తాలి. సగంలో లేవక తప్పకపోతే వోచర్‌ని (ట్యాలీలో ఆ బిల్లు ఎంట్రీని) ఎస్కేప్ కొట్టి వదిలేయాలి, తర్వాత మొత్తం కొత్తగా కొట్టాలి. సగం నిండిన తెర దగ్గరికి తిరిగి రావడంలోనే 36, 37 తారుమారవుతాయి.

సేవ్ అయిన ప్రతి బిల్లు కుడి మూల ఎర్ర పెన్సిలుతో వోచర్ నంబరు. లేచేటప్పుడు తర్వాతి బిల్లు మీద స్కేలు. ఐదు సెకన్లు పడుతుంది. సోఫీ లెరాయ్ 2009లో రాసిన పరిశోధన పత్రం ప్రకారం, ఒక పని ముగియకుండా ఇంకోదానికి వెళితే మనసులో కొంత భాగం పాతదాన్నే పట్టుకుని ఉంటుంది. ఎక్కడ ఆపామో కాగితం మీద ఉంటే మనసు దాన్ని మోయక్కర్లేదు. డబుల్ ఎంట్రీలు దాదాపు ఆగిపోయింది ఈ స్కేలుతోనే.

పనికిరానివి

తెరని నలుపు తెలుపు చేయమని చాలామంది చెప్తారు. ఈ ఆఫీసులో మూడు రోజులు కూడా నిలవలేదు. బిల్లు ఫోటోల్లో గులాబీ కాగితం మీద నీలి కార్బను అక్షరాలు, వాటి మీద ఎర్ర స్టాంపు. రంగు పోతే స్టాంపు కింది అంకె చదవలేం.

ఆండ్రాయిడ్ ఫోకస్ మోడ్‌లో "టేక్ ఎ బ్రేక్" ఉంటుంది, ఐదు నిమిషాలు అంటూ. అది రోజుకి ఎన్నిసార్లు నొక్కారో చెప్పకపోవడమే మంచిది. డు నాట్ డిస్టర్బ్‌లో పదిహేను నిమిషాల్లో రెండోసారి చేసినవాళ్ళని లోపలికి వదిలే "రిపీట్ కాలర్స్" కూడా తీసేయాల్సి వచ్చింది. ఆఫీసు నంబరులో ఆడిటర్ గారు దొరక్కపోతే పాత క్లయింట్లు ఇంటి నంబరు ఎలాగో సంపాదించారు, రెండుసార్లు చేస్తే మోగుతుందని వారంలో కనిపెట్టేశారు.

జీఎస్టీ వార్తల వీడియోలు వేరే రకం ఉచ్చు. అది పనే అనిపిస్తుంది, మూడో వీడియోకి క్రికెట్ వస్తుంది. యూట్యూబ్ యాప్ డిసేబుల్ చేయించి, సాయంత్రం పది నిమిషాలు పోర్టల్ అడ్వైజరీలు చదివేలా మార్చాం.

పద్ధతి మొత్తం కూలిన వారం కూడా ఒకటి ఉంది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు ప్రతి షాపు నుంచీ ఫోను. అలాంటప్పుడు వేళలు పట్టుకు కూర్చుంటే లాభం లేదు. సరుకుల వారీగా ఒక మెసేజి రాసి బ్రాడ్‌కాస్ట్ జాబితాలో పంపాలి. ఆఫీసు నంబరు తమ ఫోనులో సేవ్ చేసుకోనివాళ్ళకి బ్రాడ్‌కాస్ట్ చేరదు. నంబరు సేవ్ చేసుకోమని కొత్త క్లయింటు చేరిన రోజే చెప్పాలి.

మూడో నెల

మళ్ళీ 7, 8, 9 తేదీల్లో కాగితం పెట్టాం. గుర్తులు తొంభై నుంచి ముప్ఫై అయిదు చుట్టూ. జీఎస్టీఆర్-1లు 11 రాత్రి కాక 9 సాయంత్రానికి అయిపోయాయి. సవరణలు నెలకి ఏడు నుంచి రెండుకి దిగాయి. ఆ రెండూ ఫోను వల్ల కాదు, క్లయింటు పంపిన బిల్లే తప్పు.

కానీ ఈ లెక్కలో ఒక మోసం ఉంది. కాల్స్ మాయం కాలేదు. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా బటన్ ఫోను కొత్తమ్మాయి దగ్గర ఉంటుంది. "సార్ ఫైలు మీద ఉన్నారండీ, ఒంటిగంటకి చేస్తారు. నోటీసు ఏమైనా వచ్చిందా?" అని ఆమె అంటుంది. ఆడిటర్ గారి గుర్తుల్లో చాలావరకు ఆమె కాగితం మీదకి వెళ్ళాయి. మొదటి నెల ఆమెకి ఎంట్రీ పని కూడా ఉంచారు, తప్పులు ఆమెవైపు మొదలయ్యాయి. ఇప్పుడు ఫోను చేతిలో ఉన్నంతసేపు ఆమెకి సగంలో ఆపినా చెడని పనే ఇస్తారు: బిల్లుల స్కానింగు, ఫోటోల పేర్లు మార్చడం, తేదీల వారీగా పేర్చడం. మధ్యాహ్నం ఫోను సీనియర్ అకౌంటెంటు తీసుకుంటారు, అప్పుడు ఆమె ఎంట్రీలకి కూర్చుంటుంది. సీనియర్‌కి ఈ మార్పిడి ఇంకా మింగుడు పడలేదు. ఫోను ఎత్తడం చిన్నవాళ్ళ పని అని ఆయన అభిప్రాయం.

తేలనిది ఇంకొకటి. పట్నంబజారు నుంచి ఒక పెద్దాయన ఫోనే చేయరు. బిల్లుల సంచి పట్టుకుని పదకొండింటికి స్వయంగా వచ్చి ఎదురుగా కూర్చుంటారు. "ఏం బాబూ, వాట్సాప్‌లో టైములు పెట్టావంట గదా" అంటారు. ఆ అరగంటకి కాగితం మీద ఒకే "మ" పడుతుంది. ఆయన ఫైలు మాత్రం ఆ అరగంటలోనే పూర్తవుతోంది, అన్ని బిల్లులూ సంచిలోనే ఉంటాయి కాబట్టి. ఆయన వచ్చే వేళకి ఆయన ఫైలే బల్ల మీద ఉండేలా ఇప్పుడు ముందురోజే తీసి పెడుతున్నారు.